పర్లాకిమిడి బడిపంతులు గిడుగు వెంకట రామమూర్తిగారు

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించే యువకుడు తొలినాడు తరగతి గదిలో అడుగుపెట్టినప్పుడు తాను చెప్పవలసిన పాఠాన్ని గురించే ఆలోచిస్తాడు. ఎదురుగా కూర్చున్న బాలుడు ఏ ఇంటినుండి వచ్చాడు, ఆ ఇంట ఏ మాట పలుకుతారు, పుస్తకంలోని మాట అతని చెవికి ఎలా సోకుతున్నది అన్న ఆలోచన అనుభవం మీదగాని కలగదు. కొందరికి ఉద్యోగ విరమణ నాటికి కూడా కలగదు. ఆ ఒక్క ఆలోచననే జీవితవ్రతంగా స్వీకరించి, దానికోసం ధనాన్ని, ఆరోగ్యాన్ని, చివరకు తాను నివసించిన ఊరిని సైతం వదులుకున్న మహోపాధ్యాయుడు శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన పేరు తెలియని తెలుగువారు లేరు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అయితే ఆయన ఉద్యమకారుడు కాకముందు, పండితుడని పేరు పొందకముందు, కేవలం ఒక బడిపంతులు. ఆయన బడి నడిచిన పర్లాకిమిడి పట్టణం నేడు ఒడిశా రాష్ట్రంలో ఉన్నది. తెలుగు రాష్ట్రాల పొలిమేరలకు ఆవల తెలుగు చెప్పుకుంటున్న పాఠశాలలకు ఆయన జీవితం ఎంతో దగ్గరిది.

బాల్యం, విద్యాభ్యాసం

రామమూర్తిగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. వంశధారా నది పారే ఆ ప్రాంతం నాడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోనిది. తండ్రి వీరరాజుగారు అక్కడి ఠాణాలో సముద్దారు, అనగా రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ప్రాథమిక విద్య సొంత ఊరిలోనే సాగింది.

వీరరాజుగారు చోడవరానికి బదిలీపై వెళ్ళి, 1875లో అక్కడే విషజ్వరంతో మరణించారు. అప్పటికి బాలునికి పన్నెండేళ్ళు. విశాఖపట్నంలోని మేనమామ ఆ కుటుంబానికి అండగా నిలిచారు. రామమూర్తిగారు విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. ఆ పాఠశాలలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బడిలో చదువుకున్న ఆ ఇద్దరు పిల్లలు మూడు దశాబ్దాల తరువాత ఒకే ఉద్యమానికి రెండు భుజాలు కాగలరని నాడెవరూ ఊహించి ఉండరు.

1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆ సంవత్సరమే వివాహం కూడ జరిగింది. పై చదువులపై కోరిక మెండుగా ఉన్నా, కుటుంబభారం ఆయన మీదనే పడింది. పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఇద్దరు ఉన్నారు. ఉద్యోగం తప్పనిసరి అయింది.

ముప్పై రూపాయల ఉద్యోగం

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఫస్టు ఫారం విద్యార్థులకు చరిత్ర బోధించే ఉపాధ్యాయ పదవి లభించింది. జీతం నెలకు 30 రూపాయలు. ఆనాటి ఫస్టు ఫారం అంటే నేటి ఆరవ తరగతి. గురువుకే ఇంకా మీసకట్టు సరిగా రాని వయస్సు.

కుటుంబ అవసరం కొద్దీ ఉపాధ్యాయులైనవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. అది చిన్నతనం కాదు. ఉద్యోగం దొరికిన తరువాత ఆ మనిషి ఏమి చేశాడన్నదే ప్రధానం. రామమూర్తిగారు ఆ జీతంలోనే ఇల్లు నడిపి, చెల్లెళ్ళిద్దరికీ వివాహాలు చేశారు. పగలు పిల్లలకు పాఠం చెబుతూ, మిగిలిన వేళల్లో తానే విద్యార్థి అయ్యారు. కళాశాలకు వెళ్ళే వీలు లేక ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పూర్తి చేశారు. మరి పదేళ్ళకు, 1896లో, చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పట్టం పొందారు. మొదటి తరగతిలో, రెండవ స్థానంలో నిలిచారు. మెట్రిక్యులేషన్‌కూ పట్టభద్రతకూ మధ్య గడచిన పదిహేడేళ్ళూ ఆయన బడిలో ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. ఆ 1896లోనే రాజావారి ఉన్నత పాఠశాల కళాశాలగా పెరిగింది. ఫస్టు ఫారంతో ఆరంభించిన ఉపాధ్యాయునికి కళాశాల తరగతులకు బోధించే అర్హత, అవకాశం రెండూ కలిసివచ్చాయి.

శిలలను చదివిన చరిత్ర మాస్టారు

చరిత్ర బోధించేవాడు పాఠ్యపుస్తకంలోని రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అప్పజెప్పించి ఊరుకోవచ్చు. రామమూర్తిగారి మనస్సు అందుకు ఒప్పుకోలేదు. తాను పుట్టిన ఊరి పక్కనే శ్రీముఖలింగ దేవాలయాలున్నాయి. వాటి గోడల నిండా శాసనాలున్నాయి. తన విద్యార్థుల తాతముత్తాతల చరిత్ర ఆ రాళ్ళలో ఉండగా, దానిని చదవగలిగినవారు చుట్టుపక్కల అరుదు.

గురువు లేకుండానే ఆయన ప్రాచీన లిపులను అభ్యసించారు. శాసనాలను స్వయంగా పరిశీలించి, కళింగాన్ని పాలించిన గాంగవంశీయులను గురించి ఇంగ్లీషులో ప్రామాణికమైన వ్యాసాలు రచించారు. గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. గాంగుల రాజధాని కళింగనగరం నేటి ముఖలింగమేనని వాదించారు. ఒక మారుమూల సంస్థానంలోని బడిపంతులు వ్రాసిన వ్యాసాలు దేశంలోని చరిత్రకారుల ముందు నిలిచాయి.

ఈ కృషిలో ఆయనకు మరొక లాభం కలిగింది. శాసనాలలోని తెలుగును చదివినకొద్దీ భాష స్థిరమైన వస్తువు కాదనీ, కాలంతో మారుతూనే ఉంటుందనీ ఆయనకు ప్రత్యక్షంగా తెలిసివచ్చింది. ఆ ఎరుక తరువాతి పోరాటంలో ఆయనకు గొప్ప ఆయుధమైంది.

సవరల గురువు, సవరల శిష్యుడు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా భాషా కుటుంబానికి చెందినది. అధికారులకు ఆ భాష రాదు, సవరలకు అధికారుల భాష రాదు. చదువు సరేసరి, ఆ ఊసే వారి గూడేలకు చేరలేదు.

ఈ పిల్లలకు చదువు చెప్పాలన్న కోరిక రామమూర్తిగారికి కలిగింది. వారికి తెలుగు నేర్పి ఆపై పాఠం చెప్పడం అందరికీ తోచే మార్గం. ఆయన దానికి సరిగా ఎదురు మార్గం పట్టారు. ముందుగా తానే సవర నేర్చుకోవాలని నిశ్చయించారు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, అతని వద్ద విద్యార్థిగా కూర్చున్నారు. బడిలో పంతులుగారు, ఇంటిలో కొండవాని శిష్యుడు. కులపు పట్టింపులు బలంగా ఉన్న ఆ రోజులలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఈ పని చేయడం సామాన్య విషయం కాదు.

పుస్తకం లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. సవరభాషలో గొంతు నులిమినట్లు ఆగిపోయే ధ్వనులున్నాయి. అవి తెలుగు లిపిలో ఇమడవు. ఒక్కొక్క మాటనే విని, పలికి, సరిచూసుకొని, వ్రాసుకోవాలి. ఈ పరిశ్రమ సంవత్సరాల తరబడి సాగింది. కొండలలో తిరిగినందుకు మన్యపు జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను వాడగా వాడగా వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను వినడమే పనిగా పెట్టుకున్న పండితునికి చెవుడు వచ్చింది. అయినా పని ఆగలేదు.

భాష పట్టుబడిన తరువాత సవరలో వాచకాలు వ్రాశారు. తన సొంత డబ్బుతో బడులు తెరిచి, ఉపాధ్యాయులకు తన జీతంలో నుండి జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించారు. మాతృభాషలో ప్రాథమిక విద్య అన్న సూత్రం నేడు 2020 నాటి జాతీయ విద్యా విధానంలో కూడ చోటు చేసుకున్నది. ఆ సూత్రాన్ని నూరేళ్ళకు పైబడిన నాడే ఒక పల్లెబడిలో, తన ఖర్చుతో, ఆచరణలో పెట్టి చూపినవారు రామమూర్తిగారు. ఈ కృషిని గుర్తించి ప్రభుత్వం 1913లో ఆయనకు బిరుదునిచ్చి సత్కరించింది. ముప్పై అయిదేళ్ళ పరిశ్రమకు ఫలంగా ఆయన ఇంగ్లీషులో రచించిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ముద్రించింది. జ్యేష్ఠపుత్రుడు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి తోడునీడ అయ్యారు.

ఇన్‌స్పెక్టరుగారి ప్రశ్న

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకుంటున్న ఆయనకు బడులు తనిఖీ చేసేటప్పుడు ఒక సందేహం కలిగింది. బజారులో ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, చిన్న తరగతులలో పండితులు చెప్పే తెలుగు మరొకటి. ఇందుకు కారణమేమి? పిల్లలకు తెలిసిన భాషలో పిల్లలకు పాఠమెందుకు చెప్పరు? ఈ ప్రశ్నను ఆయన విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు పెట్టారు. సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగు మాత్రమేనని అయ్యంగారు సూచించారు.

ఆ ప్రశ్న రామమూర్తిగారిని తాకింది. కొండమీది సవరబిడ్డకు పరాయి భాషలో చదువు అన్యాయమని తాను ఏనాడో గ్రహించారు. మరి తన ఎదుటి తెలుగుబిడ్డ సంగతి ఏమిటి? ఆ బిడ్డ ఇంటిలో పలికే మాటను బడి తప్పు అంటున్నది. పుస్తకంలో ఉన్నదానికి అర్థం తెలియక, టీకాతాత్పర్యాలు వల్లించి పరీక్ష గట్టెక్కుతున్నాడు. చరిత్ర అయినా, భూగోళమైనా, లెక్కలైనా, విషయం బోధపడక ముందే భాష అడ్డుగోడగా నిలుస్తున్నది. సవరపిల్లవానికి జరిగిన అన్యాయమే, మరొక రూపంలో, తెలుగుపిల్లవానికీ జరుగుతున్నది.

అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. ఇరవై ఏడేళ్ళ బోధనానుభవం ఉన్నది. ఆ వయస్సులో మళ్ళీ విద్యార్థి అయ్యారు. ఇంగ్లీషు భాషాచరిత్రను, స్వీట్, యెస్పర్సన్ మొదలైన భాషాశాస్త్రవేత్తల గ్రంథాలను క్షుణ్ణంగా చదివారు. వాడుకభాషకు క్రమం లేదన్నది అపోహ అనీ, దానికీ నియమాలున్నాయనీ తెలుసుకున్నారు. అధ్యాపకుల సభలలో జీవద్భాష ఆవశ్యకతను గూర్చి ఉపన్యసించసాగారు. మొదట ఆయన కోరింది పాఠ్యపుస్తకాల భాష మారాలని మాత్రమే. కావ్యాల జోలికి పోలేదు. సాహిత్యవిప్లవంగా మనం నేడు చెప్పుకునేది తరగతి గదిలో, ఒక బడిపంతులు బాధ నుండి పుట్టింది.

పదవీ విరమణ తరువాతి ముప్పై ఏళ్ళు

1911లో రామమూర్తిగారు ముప్పై ఏళ్ళ సర్వీసు ముగించుకొని ఉద్యోగం నుండి విరమించారు. లోకరీతిని బట్టి విశ్రాంతి తీసుకోవలసిన కాలం. ఆయనకు అసలు పని అప్పుడే మొదలయింది.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతించారు. సాంప్రదాయ పండితులలో అలజడి రేగింది. జయంతి రామయ్య పంతులుగారు ప్రభృతుల నాయకత్వంలో 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ మార్పును తీవ్రంగా వ్యతిరేకించింది. వారూ తెలుగుపై అభిమానం ఉన్నవారే. భాష చెడిపోతుందన్న భయమే వారిని నడిపించింది. ఆ ఒత్తిడితో విద్యార్థులకు లభించిన సౌలభ్యం వెనుకకు పోయింది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. బాల్యస్నేహితుడు లేని ఉద్యమభారం రామమూర్తిగారి ఒక్కరి భుజాన పడింది.

ఆయన వాదించిన తీరు కూడ ఉపాధ్యాయుని తీరే. నిందలకు నిందలతో బదులు చెప్పక, పుస్తకాలు తెరిచి చూపేవారు. ప్రాచీన కవుల ప్రయోగాలనే ఉదాహరించి, వ్యాకరణాలు నిషేధించిన రూపాలను మహాకవులే వాడారని బాలకవి శరణ్యంలో నిరూపించారు. పూర్వులు వచనంలో వాడుకభాషనే వ్రాశారని గద్యచింతామణిలో చూపించారు. గ్రాంథికం వ్రాయాలనేవారే దానిని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో పట్టి చూపారు. పండితులకే సాధ్యం కానిది పసిపిల్లలకు ఎలా సాధ్యమన్నదే ఆయన తర్కం.

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఎక్కువగా గ్రాంథికంలో రచనలు చేసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షత వహించారు. మూడు నెలలకే వీరేశలింగంగారు దివంగతులయ్యారు. ఆ సంవత్సరమే రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రికను స్థాపించి ఒక ఏడాది నడిపారు. వినికిడి లేని వృద్ధుడు, పుస్తకాల కట్టలతో ఊరూరా తిరిగి, సభలలో గంటల తరబడి మాట్లాడేవారు. ఎదుటివారు అడిగినది వినబడకపోయినా, వారికి ఇవ్వవలసిన సమాధానం మాత్రం ఆయన దగ్గర సిద్ధంగా ఉండేది.

క్రమంగా గాలి మళ్ళింది. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది. 1933లో ఆయన సప్తతి మహోత్సవాన్ని శిష్యులు, అభిమానులు రాజమహేంద్రవరంలో వైభవంగా జరిపి, దేశవిదేశ పండితుల వ్యాసాలతో ఒక సంపుటిని సమర్పించారు. 1937లో తాపీ ధర్మారావుగారి జనవాణి పత్రిక వార్తలను, సంపాదకీయాలను వాడుకభాషలో ప్రకటించసాగింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో ఆయనను సత్కరించింది.

విడిచిన ఊరు

ఈ గౌరవాల నడుమ ఆయనకు ఒక పెద్ద దుఃఖం కలిగింది. భాషను ఆధారం చేసుకొని ప్రత్యేక రాష్ట్రం కావాలని ఒడియా సోదరులు చాలాకాలంగా ఉద్యమించారు. తమ భాషకు మద్రాసు, బీహారు పాలనలో న్యాయం జరగలేదన్న వారి ఆవేదన సకారణమైనదే. ఆ ఉద్యమానికి అగ్రనాయకులు పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిగారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న పర్లాకిమిడిని మాత్రం ఆ రాష్ట్రంలో చేర్చరాదని రామమూర్తిగారు వాదించారు. ఏ సంస్థానం బడిలో జీవితమంతా పాఠం చెప్పారో, ఆ సంస్థానాధీశుని అభిమతానికే ఎదురు నిలిచారు. ఆయన వాదం నెగ్గలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో కలిసింది.

ముప్పై రూపాయల జీతానికి యువకుడుగా అడుగుపెట్టిన ఊరిని, యాభై అయిదేళ్ళకు పైగా కాపురమున్న ఊరిని, డెబ్బది మూడవ ఏట రామమూర్తిగారు విడిచిపెట్టారు. శేషజీవితం రాజమహేంద్రవరంలో గడిపారు. 1940 జనవరిలో మద్రాసులో పత్రికా రచయితలను ఉద్దేశించి ప్రసంగిస్తూ, ప్రజల భాషను పత్రికలు ఆదరించాలని కోరారు. అదే చివరి ప్రసంగమయింది. వారం రోజులకే, జనవరి 22న, మద్రాసులోనే తుదిశ్వాస విడిచారు.

ఆయన వెళ్ళిపోయినా పర్లాకిమిడిలోని తెలుగు వెళ్ళిపోలేదు. అక్కడి తెలుగు కుటుంబాలు ఒడియా నేర్చుకొని, ఇంటిలో తెలుగు నిలుపుకొని, రెండు భాషల నడుమ బిడ్డలను పెంచుకుంటూ వచ్చాయి. ఊరు విడిచి వచ్చిన గురువు త్యాగం ఎంత గొప్పదో, ఊరిలోనే ఉండి భాషను కాపాడుకున్న ఆ గృహస్థుల ఓర్పు కూడ అంత గొప్పది.

ఆయన వదలిపోయిన పాఠం

రామమూర్తిగారు కోరినది వారి జీవితకాలంలో పూర్తిగా నెరవేరలేదు. పాఠ్యపుస్తకాలలో వాడుకభాష నిలదొక్కుకోవడానికి ఆయన తరువాత దశాబ్దాలు పట్టింది. సవర పిల్లలకు సవరలో చదువు అన్నది మరీ ఆలస్యమయింది. 2000 తరువాతి దశాబ్దంలోగాని ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాలు గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను చేపట్టలేదు. ఆ భాషలలో సవర కూడ చేరింది. ఒక ఉపాధ్యాయుడు తన జీతంతో ఆరంభించిన పనిని రెండు ప్రభుత్వాలు అందుకోవడానికి సుమారు నూరేళ్ళు కావలసివచ్చింది.

ఉపాధ్యాయవృత్తిలో కొత్తగా ప్రవేశించేవారికి ఆయన జీవితం మూడు సంగతులు బోధిస్తుంది. చిన్న జీతం, చిన్న తరగతి, చిన్న ఊరు ఎవరి ఎదుగుదలకూ అడ్డు కావు. బోధించేవాడు జీవితాంతం విద్యార్థిగా ఉండాలి. అన్నింటికంటె ముఖ్యంగా, పిల్లవాడు మన భాషలోకి రావాలని నిరీక్షించక, మనమే ముందు పిల్లవాని భాషలోకి వెళ్ళాలి.

ఈ మూడవ సంగతి తల్లిదండ్రులకు కూడ వర్తిస్తుంది. పరరాష్ట్రంలో నివసిస్తూ పిల్లలను తెలుగు బడికి పంపడం తేలికైన నిర్ణయం కాదు. ఉద్యోగాల భయం, ఇరుగుపొరుగుల హేళన, స్థానిక భాష నేర్వవలసిన అవసరం అన్నీ ఉంటాయి. రామమూర్తిగారు ఏ భాషనూ నేర్వవద్దనలేదు. ఆయనే తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, సవర భాషలలో ప్రవీణులు. తొలి అక్షరం, తొలి ఆలోచన మాత్రం తల్లి ఒడిలో విన్న మాటలో ఉండాలన్నారు. పునాది గట్టిగా ఉంటే దానిపై ఎన్ని అంతస్తులైనా లేపవచ్చు.

పొరుగు భాషల నడుమ డెబ్బది అయిదేళ్ళుగా తెలుగు అక్షరాలు దిద్దిస్తున్న ప్రతి బడిలోను, నల్లబల్ల ముందు నిలిచిన ప్రతి ఉపాధ్యాయునిలోను, ఆ పర్లాకిమిడి బడిపంతులు కొంత మిగిలే ఉన్నారు. ఎదుటి పిల్లవాని కళ్ళలో పాఠం బోధపడిన వెలుగు కనిపించిన ప్రతిసారీ ఆయన రుణం కొంత తీరుతున్నట్లే.